మదర్ పనిచేస్తోందా?

గేమింగ్ కంప్యూటర్ కొనడమంటే షాపుకెళ్లి, డబ్బిచ్చి, పెట్టె తెచ్చుకోవడమేనని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, వాళ్లు కాలానికి బాగా వెనకబడిపోయారని చెప్పక తప్పదు. అదొక ప్రక్రియ. అందులో పదకొండు దశలు, నాలుగు కిటికీలు, ఒక యాప్, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉన్నాయి. (ఫొటోలు ఎందుకో ఎవరికీ తెలియదు. ఇవ్వకపోతే మాత్రం ఊరుకోరు.) విడిభాగాలను మనం ఎంచుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు విడిభాగాలే మన యోగ్యతను పరిశీలించి, మనసైతే మన ఇంటికి రావడానికి ఒప్పుకుంటాయి.

ఈ పెళ్లిచూపులు జరిగే చోటు బస్టాండు ఎదురుగా, కళ్లజోళ్ల షాపు పైన, మూడో అంతస్తులో ఉన్న సమగ్ర గేమింగ్ కంప్యూటర్ ఎంపిక కేంద్రం. లిఫ్టు ఉంది. లోపల ప్రపంచంలోకెల్లా వేగవంతమైన యంత్రాలు అమ్ముతారు కాబట్టి అది పనిచేయనవసరం లేదని యాజమాన్యం భావించింది.

ఆ కేంద్రానికి ఒక సోమవారం పొద్దున పాపవాళ్లమ్మ మెట్లెక్కి వచ్చింది. చంకలో నాలుగేళ్ల పాప. భుజాన సంచి. సంచిలో పాప నీళ్ల సీసా, పాపకి ఇంకో గౌను, ఆ గౌను తడిస్తే మరో గౌను, థర్మామీటరు (జ్వరం లేదు, వస్తే?), అన్నిటికీ అడుగున రుమాలులో చుట్టిన యాభై ఐదు వేలు. వంటింటి మూల కుట్టుమిషను, మిషను పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకుని, మూడేళ్లపాటు స్కూలు యూనిఫారాలు కుట్టి దాచిన డబ్బు అది. లాయల్టీ కార్డు ఉందా అని గుమ్మం దగ్గరే అడిగారు. ఆమె బెదిరిపోయి, ఆధార్ లాంటిదేదో మర్చిపోయి వచ్చాననుకుని, సంచంతా బోర్లించి వెతికింది.

ఆమె చదువు పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల దగ్గర ఆగిపోయింది. ఏ కాగితమైనా చదవగలదు. చదివాక, అందులో నిజంగా అలాగే ఉందా అని పక్కవాళ్లను ఒకసారి అడిగితే తప్ప నిద్రపట్టదు.

అలాంటి మనిషికి గేమింగ్ కంప్యూటర్ అవసరం ఎలా పడిందన్నది ప్రపంచానికి ఇంకా తెలియని రహస్యం. పాప పసిపిల్లగా ఉన్నప్పుడు ఒడిలో తప్ప పడుకునేది కాదు. కదిలితే లేస్తుంది. లేస్తే ఇల్లు లేస్తుంది. అందుకని పాపవాళ్లమ్మ మధ్యాహ్నాలు రెండేసి గంటలు బొమ్మలా కూర్చుని, ఒక్క చేత్తో ఫోన్లో తుపాకులాట ఆడేది. కదలకుండా, ఊపిరి బిగబట్టి, తలుపువైపు చూస్తూ కూర్చోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ ఆటలో గెలవడానికి కావలసింది కూడా సరిగ్గా అదే. పాప లేస్తుందని మైకు ఎప్పుడూ ఆపే ఉంచేది కాబట్టి, ముఖం చూడని, గొంతు వినని జట్టువాళ్లు ఆమెకు 'మ్యూటక్క' అని పేరు పెట్టారు.

పోయిన వారం జట్టు కెప్టెన్ (పగలు పళ్ల డాక్టరు దగ్గర కాంపౌండరు) మెసేజి పెట్టాడు.

"మ్యూటక్కా, మనం రెండో రౌండుకెళ్లాం! వచ్చే ఆదివారం పదకొండింటికి. కానీ ఈసారి ఫోన్లు ఒప్పుకోరంట, కంప్యూటరే ఉండాలంట. నువ్వు రాకపోతే నీ బదులు మా మామయ్యని పెట్టాలి. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపే చచ్చిపోతాడక్కా. నువ్వు లేకపోతే కుదరదు."

నువ్వు లేకపోతే కుదరదన్న మాట, వంటకీ ఉతుకుడికీ సంబంధం లేని విషయంలో ఆమె వినడం అదే మొదటిసారి. ఆ మెసేజిని పదిసార్లు చదివింది. పదకొండోసారి పాపకి చదివి వినిపించింది.

ఇంట్లో మాత్రం పాప చదువు కోసమని చెప్పింది.

"నాలుగేళ్ల పిల్లకి కంప్యూటరెందుకే అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"ఇప్పుడు చదువంతా అందులోనేనట అత్తయ్యా."

"మరి దీనిమీద గేమింగ్ అని రాసుందేంటి?" అన్నాడు భర్త, కేంద్రంవాళ్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఆటపాటలతో చదువండీ."

"గ్రాఫిక్స్ కార్డు కూడానా?"

"గ్రాఫిక్స్ బాగుంటే పిల్లలకి అక్షరాలు గుండ్రంగా వస్తాయట."

భర్త ఆలోచనలో పడ్డాడు. తన చేతిరాత అలా ఎందుకు తగలడిందో ఆయనకు ముప్ఫై మూడో ఏట అర్థమైంది. "సరే, కొను. నేను మాత్రం రాను," అన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ భవనంలో అడుగుపెడితే ముందు లిఫ్టు సంగతి చూడమంటారు.

అలా పాపవాళ్లమ్మ ఒక్కతే వచ్చి, నూట నలభై రెండో నంబరు టోకెను తీసుకుని, గృహ గేమింగ్ వివరాల ఫారం ముందు కూర్చుంది. చుట్టూ బెంచీల నిండా కుర్రవాళ్లు. వాళ్లు ఫారం వైపు చూడకుండానే నింపుతున్నారు. అన్నీ తెలిసినవాళ్లు.

కాగితం పొదుపు ఉత్తర్వు ప్రకారం, ఆ ఫారంలో ఏ పేరునూ పూర్తిగా అచ్చేయలేదు. మొదటి సగం వేసి వదిలేశారు. తెలిసినవాళ్లకు సగం చాలు, తెలియనివాళ్లకు పూర్తిగా వేసినా ఒకటేనన్నది ఆ ఉత్తర్వులోని మానవీయ దృక్పథం.

మెమరీ ఎంత? అని ఉంది. ఆమె నిజాయితీగా రాసింది: 'ఒకప్పుడు బాగానే ఉండేది. కాన్పు తర్వాత కొంచెం తగ్గింది.'

కేసు ఉందా? ఆమె గుండె గుభేలుమంది. 'మావాళ్లెవరి మీదా ఏ కేసూ లేదు,' అని రాసి, కింద గీత గీసింది.

తర్వాతి ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది.

మదర్ పనిచేస్తోందా?

ఈ ప్రశ్న ఆమెకు బాగా తెలుసు. మొన్న పాపను స్కూల్లో చేర్పించిన ఫారంలో ఉంది. టీకాల పుస్తకంలో ఉంది. బ్యాంకువాళ్ల దాంట్లో ఉంది. ఎప్పుడూ భర్తే నింపుతాడు. 'పనిచేయడం లేదు' అన్న గడిలో, పెన్ను ఎత్తకుండా, ఒక్క గీతలో టిక్కు పెట్టేస్తాడు.

"ఏవండీ, నేను కుడుతున్నాను కదా?" అని స్కూలు గుమ్మంలో ఒకసారి అడిగింది.

"ఇంట్లో కూర్చుని చేసేదాన్ని పనంటారేంటే?" అన్నాడాయన. కోపంగా కాదు. వాన పడుతోందా అని అడిగితే లేదని చెప్పినట్టు.

ఇవాళ పక్కన భర్త లేడు. పెన్ను ఆమె చేతిలో ఉంది. అటూ ఇటూ చూసింది. దొంగతనం చేస్తున్నదానిలా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది: 'పనిచేస్తోంది.' అది సరిపోదనిపించి, ఇంకా రాసింది: 'పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా. ఇరవై ఏడేళ్లు. ఇంతవరకు ఒక్కరోజు ఆగలేదు.'

టోకెను పిలిచారు. మొదటి కిటికీలో పొందిక పరీక్షాధికారి ఉన్నారు. ఏ భాగానికి ఏ భాగం పొసుగుతుందో, ఏ భాగం ఏ భాగంతో మాట్లాడదో తేల్చడం ఆయన బాధ్యత. (ఆయనకూ పక్క కిటికీ ఆవిడకూ మూడేళ్లుగా మాటల్లేవు.) ఆయన ఫారం చదివి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు.

"ఇరవై ఏడేళ్ల మదరా అమ్మా?"

"అవునండీ," అంది తల దించుకుని.

"రోజుకి పదిహేడు గంటలు? ఆపకుండా?"

"మధ్యాహ్నం ఒక్కోసారి ఓ పావుగంట..."

"ఒక్కసారి కూడా రిపేరు రాలేదా?"

"ఒకసారి టైఫాయిడ్... అప్పుడు కూడా ఏదో పడుతూ లేస్తూ..."

ఆ చివరి మాట ఆయనకు వినపడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, బెంచీల మీది కుర్రవాళ్లందరికీ వినపడేలా అన్నారు. "అప్పటి సరుకే వేరు. ఇప్పుడిలాంటి మదర్లు రావట్లేదమ్మా. ఎంత భారం వేసినా కిక్కురుమనవు. దయచేసి మార్చకండి. ఇలాంటిది ఇంట్లో ఉండటం అదృష్టం."

పాపవాళ్లమ్మ చెవులు వేడెక్కాయి. పెళ్లయిన ఆరేళ్లలో, కాదు, పుట్టిన ఇరవై ఏడేళ్లలో, నలుగురి ముందు ఆమెను ఎవరూ ఇంత మాట అనలేదు. "మీ దయండీ," అంది.

"ఇక ఒకటే అనుమానం. మీ దగ్గర బాటిల్‌నెక్ సమస్యేమైనా ఉందా?"

ఈ ప్రశ్నకు పిల్లల డాక్టరు దగ్గర చీవాట్లు తిని ఉందేమో, ఆమె ఉలిక్కిపడింది. "లేదండీ, లేదండీ! బాటిల్ ఎప్పుడో మాన్పించేశాం. ఇప్పుడు గ్లాసుతోనే తాగుతోంది."

'బాటిల్‌నెక్ తొలగించబడినది,' అని ఆయన రాసుకున్నారు. (ఒక భాగం నెమ్మదిగా ఉండి మిగతావాటిని ఆపడాన్ని వాళ్లలా అంటారు.) మెమరీ తగ్గిందన్నారు కనక రెండింతలు మంజూరు చేశారు. కేసు లేదన్నారు కనక కొత్తది, భాగాలన్నీ పట్టే డబ్బా, రాశారు. మదర్ ఎదురుగా ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, 'ఉన్నది చాలు' అన్నారు.

రెండో కిటికీలో గిట్టుబాటు నిర్ధారణాధికారిణి కూర్చుని ఉంటారు. కొనేవాళ్లకు లాభం జరుగుతోందని వాళ్లు ఒప్పుకునేదాకా వదలకపోవడం ఆవిడ ఉద్యోగం.

"ఈ గ్రాఫిక్స్ కార్డు పన్నెండు వేలు తక్కువకి ఇస్తున్నాం," అన్నారావిడ.

"దేనికన్నా తక్కువండీ?"

"మేం ధర ఇంకా ఎక్కువ పెట్టుంటే, దానికన్నా."

ఇక్కడో నిబంధన ఉంది. వస్తువు ధర దాన్ని చూసే ముఖాన్ని బట్టి ఉంటుంది. కిటికీ పైన ఆశ గుర్తింపు కెమెరా ఒకటి బిగించారు. కార్డును చూడగానే కళ్లు మెరిస్తే ఐదు శాతం పెరుగుతుంది. నోరు తెరిస్తే పది. ఆమెకు ముందు ఆ కిటికీ దగ్గర నించున్న కుర్రవాడు "అబ్బా!" అన్నందుకు కీబోర్డు వదులుకోవలసి వచ్చింది.

పాపవాళ్లమ్మ గ్రాఫిక్స్ కార్డు వైపు చూసింది. ఆ పెట్టెలో ఆదివారం ఉంది. కెప్టెన్ మెసేజి ఉంది. నువ్వు లేకపోతే కుదరదు, ఉంది. ఆమె ముఖంలో మాత్రం ఏమీ లేదు. తనకు కావలసినదాన్ని అక్కర్లేనట్టు చూడటంలో ఆమెకు ఆరేళ్ల అనుభవం. చీరల షాపుల్లో, ఆడపడుచు పెళ్లిలో, అందరూ తీసుకున్నాక పళ్లెంలో ఆఖరి మిఠాయి ముక్క తీసుకునేటప్పుడు, అదే చూపు. కెమెరా ఆమెను రెండు నిమిషాలు పరిశీలించి, గోడనుకుని ఆగిపోయింది. అధికారిణి లేచి నిలబడి నాలుగు శాతం తగ్గించారు.

"మదర్ ఖర్చు లేదు కాబట్టి మీకింకా ఆరు వేలు మిగిలాయి," అన్నారు.

"పోన్లెండి, మిగలనివ్వండి..."

"మిగలకూడదమ్మా. మిగిలితే గిట్టుబాటు పడిపోతుంది. దీపాలకి రాస్తున్నా."

దీపాల విభాగం ఆ కేంద్రం మొత్తంలోకీ పెద్దది. కంప్యూటరు లోపలి ఫ్యాన్లకు దీపాలు, మెమరీకి దీపాలు, దీపాల తీగలకు దీపాలు. అవి ఉంటే ఆట బాగా ఆడతారా అని అడిగినవాళ్లను లోపలి గదిలోకి తీసుకెళ్లి నచ్చచెబుతారు. ఆమె అడగలేదు. పాప రంగులు చూసి చప్పట్లు కొట్టింది కాబట్టి ఊరుకుంది. కిందికి దిగుతున్నంతసేపూ ఆమె చెవుల్లో ఒకటే మాట. ఇలాంటిది ఇంట్లో ఉండటం అదృష్టం. మెట్లన్నీ దిగాక గుర్తొచ్చింది, సంచి పైనే మర్చిపోయానని.

శుక్రవారం పెట్టెలొచ్చాయి. పదకొండు పెట్టెలు. భర్త సెలవు పెట్టి, స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చుకుని, ఆపరేషన్ చేసే డాక్టరులా కూర్చున్నాడు. పన్నెండున్నరకల్లా గదినిండా తళతళలే. ప్రాసెసరు ఒకచోట. మెమరీ ఒకచోట. గ్రాఫిక్స్ కార్డు దిండు మీద. అన్నీ కొత్తవి, అన్నీ మేలైనవి. ఒకదాన్ని ఇంకోదానికి తగిలించడానికి మాత్రం దారి లేదు.

"ఇదేంటయ్యా, దేనికి బిగించాలివన్నీ?" అని భర్త, పెట్టెలు తెచ్చి రసీదు మీద సంతకం కోసం ఇంకా కూర్చునే ఉన్న డెలివరీ మనిషిని అడిగాడు.

"మదర్‌బోర్డుకి సార్. పెద్ద పలకలా ఉంటది చూడండి. అన్నీ దానికే తగిలించాలి. అది లేకపోతే ఇవన్నీ ఉత్త అలంకారం."

"మరదేదీ?"

డెలివరీ మనిషి రసీదు చూశాడు. "మదర్ మీ ఇంట్లోనే ఉందని రాశారు సార్. బాగా పనిచేస్తోందని కూడా రాశారు."

భర్త ఇల్లంతా చూశాడు. మంచాల కింద కూడా చూశాడు. ఆ వెతుకులాటలో ఆయన కళ్లు గుమ్మంలో నిలబడ్డ పాపవాళ్లమ్మ మీదుగా రెండుసార్లు వెళ్లాయి, ఎక్కడా ఆగలేదు. ఆమెకు మాత్రం అప్పటికే అంతా అర్థమైపోయి, నేల చీలితే బాగుండుననిపిస్తోంది.

శనివారం పొద్దున్నే మళ్లీ మూడంతస్తులు. ఫిర్యాదుల కిటికీలో కూడా పొందిక పరీక్షాధికారే ఉన్నారు. (అమ్మేటప్పుడు ఎవరు పొరపాటు పడ్డారో వాళ్లే దాన్ని వినాలన్నది అక్కడి సిబ్బంది పొదుపు.)

"అది... ఆ మదర్..." అని మొదలుపెట్టింది. వెనక్కి చూసింది. ఏడుగురు కుర్రవాళ్లు, అన్నీ తెలిసినవాళ్లు, వింటున్నారు. మదర్ అంటే నన్నడిగారనుకున్నానండీ. ఆ మాట ఆ ఏడుగురి ముందు ఎలా చెప్పడం?

"పనిచేస్తోందా, లేదా? ఒక్క ముక్క చెప్పండమ్మా."

ఆమె సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఫారంలో తప్పు రాయకూడదు. రాశాక దిద్దకూడదు. ఉన్నది ఒక్కటే దారి. రాసినప్పుడు పనిచేసింది, ఇప్పుడు ఆగిపోయింది. అలా అని ఇంటి పెద్ద సంతకంతో ధ్రువపత్రం తెండి. నేనే ఫోన్ చేసి విచారిస్తాను. సీలు తీయని దీపాలుంటే తెచ్చేయండి, వాటికి బదులు మదర్ ఇస్తాం."

దీపాలు వెనక్కివ్వడమన్న మాట వినగానే పక్క కిటికీలో గిట్టుబాటు అధికారిణి కళ్లు మూసుకున్నారు.

ధ్రువపత్రంలో ఒక్కటే వాక్యం. 'మా ఇంటి మదర్ పనిచేయడం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.' పాపవాళ్లమ్మ దాన్ని బస్సులో మూడుసార్లు చదివింది. జీవితంలో ఒక్కసారి, ఒక్క ఫారంలో, పనిచేస్తోందని రాసుకుంది. వారం కూడా నిలవలేదు. చింపి కిటికీలోంచి పారేద్దామనిపించింది. పారేస్తే రేపు పదకొండింటికి కెప్టెన్‌గారి మామయ్య కళ్లజోడు వెతుక్కుంటాడు. ఆమె కాగితాన్ని మడిచి, థర్మామీటరు పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఇక్కడో సంతకం పెట్టాలి."

అత్తగారు చదివారు. ముఖం విప్పారింది. "పనిచేయట్లేదని రాయాలా? ఇటివ్వు! ఇన్నాళ్లకి నన్నడిగినవాళ్లున్నారు," అని పేరంతా, ఇంటిపేరుతో సహా, సంతకం చేశారు. సాక్షి సంతకం భర్త పెట్టాడు. చదవలేదు. ఆ వాక్యం కింద ఆయనది చెయ్యి తిరిగిన సంతకం.

ఆ కాగితాన్నీ, సీలు తీయని దీపాలనూ ఆమె మళ్లీ కేంద్రంలో ఇచ్చి వచ్చాక, సాయంత్రం నాలుగింటికి విచారణ ఫోన్ వచ్చింది. అత్తగారు స్పీకరు పెట్టారు. పాపవాళ్లమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"అమ్మా, మీ మదర్ ఎప్పట్నుంచి పనిచేయట్లేదు?"

"ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ నాయనా."

"అలాగా? సోమవారం బ్రహ్మాండంగా పనిచేస్తోందని రాశారే?"

"ఎవరు రాశారు? తనే రాసుకుని ఉంటుంది."

"అవసరానికి ఆన్ అవుతోందా?"

"పొద్దున్నే లేస్తుంది, అది కాదనను. అబద్ధం ఎందుకు."

"లేచాక చప్పుడు వస్తోందా?"

"చప్పుడంటే... గొణుగుడు. ఏం గొణుగుతుందో తెలియదు."

"వేడెక్కుతోందా?"

"ఎండాకాలం దగ్గరికి పోలేం."

"మెమరీ?"

"నిన్న నా మాత్రలు తేవడం మర్చిపోయింది."

అటువైపు అధికారి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో వృత్తిపరమైన బాధ ఉంది. "ఇంత పాడైపోయినదాన్ని ఇన్నాళ్లు ఎలా భరించారమ్మా?"

"ఏం చేస్తాం బాబూ, అలవాటైపోయింది. కొత్తదొస్తుందా?"

"సాయంత్రానికి పంపిస్తాను. పాతదాన్ని ఏం చేస్తారు?"

అత్తగారు వంటింటివైపు చూశారు. "ఉండనీలే. దేనికైనా పనికొస్తుంది."

పాపవాళ్లమ్మ వెనక్కి తిరగలేదు. గరిటె తిప్పుతూనే ఉంది. మైకు ఆపే ఉంది.

ఆరింటికి మదర్‌బోర్డు వచ్చింది. భర్త భాగాలన్నీ తెచ్చి దానికి తగిలించాడు. ఇంతసేపూ ఎవరికి వాళ్లుగా మెరిసినవన్నీ దాన్ని పట్టుకోగానే బుద్ధిగా పనిచేయడం మొదలుపెట్టాయి. భర్త చప్పట్లు కొట్టాడు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. కేసు మూసేశాక అది కనిపించదు.

ఆదివారం పదకొండింటికి పాపవాళ్లమ్మ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెర ముందు కూర్చుంది. ముందు తను నేర్చుకుంటేనే కదా పాపకి చెప్పగలిగేది.

"ఈ పాఠంలో తుపాకులున్నాయేంటి?" అన్నాడు భర్త.

"చరిత్రండీ."

ఆయన గౌరవంగా తప్పుకున్నాడు.

కొత్త కంప్యూటరులో మైకు పుట్టుకతోనే ఆన్‌లో ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు. ఆఖరి నిమిషంలో, జట్టు నలుగురూ ఒక గోడ పక్కన నక్కి, బయటికి ఉరుకుదామా వద్దా అనుకుంటున్నారు. ఆమె ఒళ్లోంచి పాప జారబోయింది.

"కదిలావంటే చంపేస్తా!" అంది పాపవాళ్లమ్మ.

జట్టంతా కొయ్యబారిపోయింది. నాలుగేళ్లలో మొదటిసారి వాళ్లు మ్యూటక్క గొంతు విన్నారు. కదలాలన్న ఆలోచన కూడా చేయలేకపోయారు. అవతలి జట్టు ఖాళీగా ఉందనుకుని గోడ ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లింది. వాళ్ల వెనకనుంచి పాపవాళ్లమ్మ తన పని తాను చేసుకుపోయింది. నలుగురికి నాలుగు తూటాలు. కాన్పు తర్వాత మెమరీ తగ్గిందేమో గానీ గురి తగ్గలేదు.

"మ్యూటక్కా," అన్నాడు కెప్టెన్, ఇంకా గోడ పక్కనే నక్కి, "మూడో రౌండుకెళ్లాం. ఇంక కదలొచ్చా?"

ఆ మధ్యాహ్నం, పెట్టెలు సర్దుతుంటే మదర్‌బోర్డు అట్టలోంచి ఒక కాగితం జారిపడింది. పాపవాళ్లమ్మ దాన్ని నిలబడే చదివింది. కూర్చుని మళ్లీ చదివింది. ఈసారి నిజమేనా అని ఎవరినీ అడగలేదు. మైదా జిగురుతో వంటింట్లో పొయ్యి పైన, అందరికీ కనపడేలా అంటించింది.

టీ కోసం వచ్చిన అత్తగారి కళ్లు దానిమీద పడ్డాయి. కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"మదర్ సంరక్షణ. మదర్ చేత వరసగా ఎనిమిది గంటలకు మించి పనిచేయించరాదు. అన్ని భారాలూ ఒకేసారి వేయరాదు. వేడెక్కిన వెంటనే పని ఆపించి, గాలి తగిలేలా విశ్రాంతినివ్వాలి. దగ్గరలో పెద్దగా అరవడం, తలుపులు వేయడం చేయరాదు. మూడేళ్లలోపు ఏ ఇబ్బంది వచ్చినా మా మనిషి ఇంటికే వచ్చి చూస్తాడు."

చదివేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. గోడ పట్టుకున్నారు.

"అమ్మాయ్... ఎవరు పంపారే ఇది? మీ అమ్మావాళ్లా?"

"కేంద్రంవాళ్లు అత్తయ్యా."

"ఎవరి గురించి?"

పాపవాళ్లమ్మ టీ వడకడుతూ కాసేపు ఆలోచించింది. ఆ కాసేపు చాలా బాగుంది. ఇంకొంచెంసేపు ఉంచాలనిపించింది గానీ, పెద్దావిడకు బీపీ ఉంది.

"కంప్యూటరు గురించే అత్తయ్యా. అందులో ఉండే బోర్డు."

"హమ్మయ్య!" అని అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "అలా చెప్పవేం? ప్రాణం పోయినంత పనైంది. పాపం, అంత సున్నితమైందా? ఎండలు కూడా ముదురుతున్నాయి."

ఆవిడ మంచి మనిషి. చూస్తూ ఊరుకోలేరు. టీ కూడా తాగకుండా, కుట్టుమిషను పక్కనున్న టేబుల్ ఫ్యానును పీకి, తనే స్వయంగా మోసుకెళ్లి, మదర్ వైపు తిప్పి పెట్టారు.